కొడవలి కణం కథలో మెకానికల్ వాళ్లకూ పనుంది

వెలిగొండ ప్రాజెక్టు పేరు వినకుండా మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వైపు పెరిగినవాళ్లు ఉండరు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు తేవడానికి నల్లమల కొండ కింద రెండు సొరంగాలు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, డిజైన్ ప్రవాహం 3,000 క్యూసెక్కులు. రెండోది 9.2 మీటర్లు, ప్రవాహం 8,500 క్యూసెక్కుల పైమాట. వ్యాసం మూడో వంతు కూడా పెరగలేదు, నీళ్లు మాత్రం దాదాపు మూడు రెట్లు!

సివిల్, మెకానికల్ చదివినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. గొట్టం వెడల్పు కొంచెం మారితే ప్రవాహం చాలా మారుతుంది. సొరంగాల్లో వాలు, గోడల గరుకుదనం కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ సమీకరణం వేరు. సన్నని గొట్టంలో నిదానంగా పారే ద్రవానికైతే ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. అదే హేగన్-పొయిజెయ్ సూత్రం. మిడ్ ఎగ్జామ్ ముందురోజు డెరివేషన్ బట్టీపట్టి, మర్నాడు మధ్యాహ్నానికి మర్చిపోయే సూత్రం. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ పొయిజెయ్ ఇంజినీరు కాదు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలనే ఆయన గాజు గొట్టాలు ముందేసుకుని కూర్చున్నాడు.

అంటే డాక్టర్ మొదలుపెట్టిన లెక్కను ఇంజినీర్లు పైపులకు, పంపులకు తీసుకెళ్లారు. ఇప్పుడు అదే లెక్క తిరిగి రక్తం దగ్గరికి వచ్చింది. సికిల్ సెల్ వ్యాధి మీద గత ఇరవై ఏళ్లలో వచ్చిన మంచి పరిశోధనల్లో కొన్ని మెకానికల్ ఇంజినీర్లు చేసినవే. ‘మనకు సాఫ్ట్‌వేర్ తప్ప వేరే దారి లేదన్నా’ అని మెసేజ్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నా.

ఒక్క అక్షరం తేడా

ముందు జబ్బు సంగతి. మన ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 8 మైక్రాన్లు. అది దూరాల్సిన అతి సన్నని నాళాలు కొన్నిచోట్ల 5 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ. ఎలా పోతుంది మరి? మడత పడి, సాగి, వంగి, జారిపోతుంది. మధ్యలో గుంట ఉన్న గుండ్రని సంచీ లాంటిది కాబట్టి దానికి ఆ వెసులుబాటు ఉంది. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. అంత నిండుగా ఉన్నా లోపల ద్రవంలాగే కదులుతుంటాయి.

హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటుంది. 146 అమైనో ఆమ్లాల దండ. మన మార్కాపురం పలక మీద 146 అక్షరాలు వరుసగా రాశామనుకోండి. ఆరో అక్షరం ఒక్కటి మారింది. గ్లూటమిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంది. సికిల్ సెల్ అంటే అంతే. ఈ మార్పుతో ఉన్న హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేయగానే ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీల్లా పేరుకుంటుంది. ఆ కడ్డీలు లోపల్నుంచి పొడుచుకురావడంతో కణం కొడవలిలా వంకరపోయి బిరుసెక్కుతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందుకే రక్తహీనత.

ఈ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ రాశాడు. ఆ రోగి ఎవరో తెలుసా? వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ దీవి గ్రెనడా నుంచి డెంటల్ కోర్సు చదవడానికి వచ్చిన 20 ఏళ్ల కుర్రాడు, మీ వయసువాడే. చదువు పూర్తిచేసి, ఊరికి వెళ్లి ప్రాక్టీసు పెట్టుకుని 32 ఏళ్లకే చనిపోయాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోని తేడా వల్ల వచ్చే జబ్బని తేల్చింది. ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లమని మరో ఏడెనిమిదేళ్లకు కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ చూపించాడు. ఇదంతా బయాలజీ పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాల్లో తక్కువగా కనిపించేది తర్వాతి భాగం.

అసలు సమస్య ఆకారం కాదు, టైమ్

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు తెలుసు. మలుపులో ఒక్క లారీ అడ్డం తిరిగి ఆగిందంటే వెనక కిలోమీటర్ల కొద్దీ బండ్లు. వెనక ఆగిన కార్లలో ఏ లోపమూ లేదు, కానీ అవీ కదలవు. సన్నని రక్తనాళంలో బిరుసెక్కిన కణం ఇరుక్కుంటే జరిగేదీ అదే. వెనక ఉన్న కణాలకు ఆక్సిజన్ అందక అవీ కొడవళ్లవుతాయి. జామ్ పెద్దదవుతుంది. ఆ నాళం మీద ఆధారపడిన ఎముకకో, ఊపిరితిత్తికో, మెదడుకో రక్తం అందదు. భరించలేని నొప్పి మొదలవుతుంది. దీన్నే డాక్టర్లు ‘క్రైసిస్’ అంటారు. పైగా కణాలు నాళం గోడకు అంటుకోవడం, తెల్లకణాలు తోడవడం లాంటివి కలిసి అడ్డును ఇంకా గట్టిచేస్తాయి.

మరైతే ఈ జబ్బు ఉన్నవాళ్లకు రోజూ, ప్రతి నాళంలో జామ్ ఎందుకు కాదు? నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. జవాబు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్‌రిక్టర్ 1970ల్లో చేసిన ప్రయోగాల్లో దొరికింది. ఆక్సిజన్ పోయిన వెంటనే కడ్డీలు పుట్టవు. కాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత ఒక్కసారిగా పేరుకుంటాయి. ఆ ‘కాసేపు’ను డిలే టైమ్ అంటారు. కణం సన్నని నాళం దాటడానికి సుమారు ఒక సెకను పడుతుంది. తిరిగి ఊపిరితిత్తులకు చేరడానికి ఇంకొన్ని సెకన్లు. డిలే టైమ్ దీనికన్నా ఎక్కువ ఉంటే, కడ్డీలు పుట్టేలోపే కణం ఇరుకు సందు దాటేస్తుంది. ఊపిరితిత్తుల్లో మళ్లీ ఆక్సిజన్ తగలగానే ప్రమాదం వాయిదా పడుతుంది. చాలా కణాలు చాలాసార్లు ఈ పందెం గెలుస్తూనే ఉంటాయి. ఓడినప్పుడే చిక్కు.

ఇంతకీ డిలే టైమ్ దేని మీద ఆధారపడుతుంది? కణంలో హిమోగ్లోబిన్ గాఢత మీద. ఎంతగానంటే, ప్రయోగశాలలో కొలిస్తే దాదాపు 30వ ఘాతం! నాలుగో ఘాతానికే మనం నోరెళ్లబెడతాం. కాలిక్యులేటర్ తీసి 1.05ను 30 సార్లు గుణించి చూడండి, 4 దాటుతుంది. అంటే కణంలోంచి కాస్త నీరు పోయి గాఢత 5 శాతం పెరిగితే చాలు, చేతిలో ఉన్న టైమ్ నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు మన ప్రాంతం గుర్తు తెచ్చుకోండి. పశ్చిమ ప్రకాశంలో ఏప్రిల్, మే ఎండలు. ఫ్లోరైడ్ నీళ్లు, ట్యాంకర్ కోసం బిందెల వరుసలు. ఉపాధి పనికి, అడవికి పోయినవాళ్లు సీసాడు నీళ్లతో పూట గడపడం. సికిల్ సెల్ ఉన్నవాళ్లను ‘నీళ్లు బాగా తాగండి, ఎండలో వడలిపోవద్దు’ అని డాక్టర్లు హెచ్చరించడం వెనక ఈ 30వ ఘాతం ఉంది. నీళ్లు తాగితే జబ్బు పోదు. కానీ వేసవిలో తాగునీటి కొరత మామూలు ఇంటికి ఇబ్బందైతే, ఈ జబ్బున్న ఇంటికి అది నేరుగా నొప్పి. వెలిగొండ గురించి మాట్లాడేటప్పుడు ఎకరాల లెక్కే వినిపిస్తుంది, ఈ కోణం ఎవరూ ఎత్తరు.

లోహాల నుంచి రక్తకణాల దాకా

సుబ్ర సురేశ్ పేరు కొందరు వినే ఉంటారు. ఐఐటీ మద్రాసులో మెకానికల్ బీటెక్, 1977 బ్యాచ్. తర్వాత అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ డైరెక్టర్‌గా పనిచేశారు. ఆయన మొదట్లో చేసింది లోహాల ‘ఫెటీగ్’ మీద. అంటే ఒకే బరువు పదేపదే పడితే లోహం ఎలా అలసిపోయి విరుగుతుందో చూడటం. తర్వాత ఎంఐటీలో అదే చూపును ఎర్ర రక్తకణం వైపు తిప్పారు. 2015లో ఆయన, మింగ్ దావో తదితరులు సికిల్ సెల్ రోగుల కణాలను సన్నని కాలువలున్న చిప్‌లోకి పంపి, ఆక్సిజన్ తగ్గిస్తూ పెంచుతూ చూశారు. ఏ కణం ఎన్ని సెకన్లలో వంకరపోతోంది, ఎన్ని సెకన్లలో మామూలు స్థితికి వస్తోంది, ఎన్ని కణాలు సందులో ఇరుక్కుంటున్నాయి అని ఒక్కో కణాన్నీ కొలిచారు.

2019లో ఆ బృందమే ఆరోగ్యకరమైన ఎర్రకణాల మీద ఏకంగా ఫెటీగ్ టెస్ట్ చేసింది. మన మెటీరియల్స్ ల్యాబ్‌లో స్టీలు కడ్డీకి చేసే పరీక్ష లాంటిదే. విద్యుత్ క్షేత్రంతో కణాన్ని లాగడం, వదలడం, మళ్లీ లాగడం. చుట్లు పెరిగేకొద్దీ కణం బిరుసెక్కింది. అంతే సేపు ఆపకుండా లాగి పట్టుకున్నప్పటి కన్నా, లాగుతూ వదులుతూ ఉన్నప్పుడే నష్టం ఎక్కువ. ఆలోచిస్తే సబబే. నిమిషానికో చుట్టు చొప్పున వేసుకున్నా 120 రోజుల్లో ఎర్రకణం లక్షన్నర సార్లకు పైగా ఒళ్లంతా తిరిగొస్తుంది. మనం ఎస్-ఎన్ కర్వ్ గీసేది షాఫ్టులకే అనుకుంటాం!

అంతకుముందే 2007లో హార్వర్డ్‌లో జాన్ హిగ్గిన్స్, ఎల్.మహదేవన్, ఎంఐటీలో సంగీతా భాటియా తదితరులు కలిసి చిప్ మీద జామ్‌ను తయారుచేసి, మళ్లీ విప్పి చూపించారు. కాలువ వెడల్పు, పీడనం, ఆక్సిజన్... మూడింటినీ మారుస్తూ రక్తం ఎంతసేపట్లో ఆగిపోతుందో లెక్కకట్టారు. మహదేవన్ కూడా ఐఐటీ మద్రాసు మెకానికలే.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఫైనలియర్‌లో ‘సికిల్ సెల్ ఇమేజ్ క్లాసిఫికేషన్’ ప్రాజెక్టు చేసినవాళ్లు ప్రతి కాలేజీలో నలుగురైనా ఉంటారు. చేసినవాళ్లు అంటే, అమీర్‌పేటలో కొన్నవాళ్లని కూడా చదువుకోవచ్చు. 98 శాతం అక్యురసీ, బైండింగ్‌తో సహా రెడీ. అది తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టండి. నా అభ్యంతరం వేరే. గాజు పలక మీద ఆరిన రక్తం ఫొటో కణం ఆకారాన్ని చెబుతుంది, దాని ప్రవర్తనను చెప్పదు. ఫొటోలో గుండ్రంగా ఉన్న కణం కూడా బిరుసుగా ఉండొచ్చు, సందులో ఇరుక్కోవచ్చు. అదే ప్రాజెక్టుకు ఫొటో బదులు కదిలే కణాల వీడియో తీసుకుని వేగం, సాగుడు కొలవడానికి ప్రయత్నిస్తే అక్యురసీ 70 శాతమే రావచ్చు. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మాత్రం మీ దగ్గర విషయం ఉంటుంది.

గూడెం దాకా వచ్చిన పరీక్ష

సికిల్ సెల్ రోగులు, వాహకులు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించేది అల్లూరి జిల్లా ఏజెన్సీ, ఆదిలాబాద్, ఖమ్మం వైపు గిరిజనుల్లో. గిరిజనేతరుల్లోనూ ఉంది. మలేరియా ఎక్కువున్న చోట్ల ఈ జన్యువు ఎక్కువ. ఒకే కాపీ ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లోనే చూపించాడు. అడవుల్లో తరతరాలు బతికిన జనానికి ఒకప్పుడు మేలు చేసిన మార్పే ఇది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఏపీ, తెలంగాణ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. 2025 మధ్యకల్లా పరీక్షలు 6 కోట్లు దాటాయి. 2 లక్షల మందికి పైగా రోగులు, 16 లక్షల మందికి పైగా వాహకులు బయటపడ్డారు. మన వైపు నల్లమలలో చెంచు గూడేలున్నాయి. ఎర్రగొండపాలెం మండలంలో పాలుట్ల, దోర్నాల వైపు చింతల, తుమ్మలబైలు లాంటివి. ఇలాంటి గూడెంలో రాత్రి పూట క్రైసిస్ వస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి. అడవిదారి, సిగ్నల్ లేని ఫోను, అవతల ఎక్కడో ఆసుపత్రి. ఒంట్లో నాళంలో ఒక జామ్, బయట దారిలో ఇంకొకటి. కాబట్టి గూడెంలోనే పరీక్ష చేసి, ఎవరికుందో ముందే తెలుసుకోవడం ముఖ్యం.

పరీక్ష రెండు అంచెల్లో ఉంటుంది. మొదట సొల్యుబిలిటీ టెస్ట్. ఒక ద్రావణంలో రక్తపు చుక్క కలిపితే, సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నప్పుడు ద్రావణం మసకబారుతుంది. వెనక పెట్టిన గీతలు కనపడవు. కానీ ఇది రోగినీ, వాహకుణ్నీ విడదీసి చెప్పలేదు. దానికి హెచ్‌పీఎల్‌సీ కావాలి. ఆ యంత్రం ఖరీదెక్కువ, కరెంటు, ఏసీ గది, నడిపే టెక్నీషియన్ ఉండాలి. శాంపిల్ పట్నం పోవాలి, రిపోర్టు గూడేనికి రావాలి. ఈ రానూపోనూలోనే చాలామంది జారిపోతారు. ఈ గ్యాప్ మీదే పరిశోధకులు పడ్డారు. హైదరాబాద్ సీసీఎంబీ కాగితం మీద ఎండిన రక్తపు చుక్కతోనే జన్యు పరీక్ష చేసే కిట్ తయారుచేసింది. ఎండిన చుక్కకు ఐస్ బాక్సుతో పనిలేదు, కవర్లో పెట్టి పంపొచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో సాయి శివ గోర్తి బృందం కాంతి శోషణ ఆధారంగా పనిచేసే చిన్న పరికరాన్ని రూపొందించింది. షణ్ముఖ ఇన్నొవేషన్స్ అనే అంకుర సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్తోంది.

ఇంకోమాట. వాహకుడు అంటే రోగి కాదు. మామూలుగా బతికేస్తాడు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఈ తేడా సరిగా చెప్పకుండా చేతిలో కార్డు పెట్టేస్తే ‘ఆ పిల్లకు ఏదో రోగమంట’ అనే మాట ఊరంతా పాకుతుంది. కౌన్సెలింగ్ తెలుగులో, వీలైతే ఆ గూడెం మనిషి నోటితో జరగాలి. ఇది టెక్నాలజీ తీర్చే సమస్య కాదని ఒక టెక్ బ్లాగర్‌గా ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మందుల సంగతి క్లుప్తంగా. హైడ్రాక్సీయూరియా అనే గోళీ అమెరికాలో 1998 నుంచి ఈ జబ్బుకు అనుమతి పొంది వాడకంలో ఉంది. మన దేశ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. కడుపులోని బిడ్డకు ఉండే రకం హిమోగ్లోబిన్‌ను ఇది మళ్లీ పెంచుతుంది. అది కడ్డీలకు అడ్డం పడుతుంది, డిలే టైమ్ పెరుగుతుంది. మళ్లీ పందెం లెక్కే! డాక్టర్ పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాల్సిన మందు ఇది. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన క్రిస్పర్ జన్యు చికిత్స క్యాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు. ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు దేశీయ క్రిస్పర్ చికిత్స మీద పనిచేస్తున్నారు. దానికి బిర్సా ముండా పేరు మీద బిర్సా-101 అని పెట్టారు.

మరి మనకు ఉద్యోగాలు?

సూటిగా చెబుతా. ‘సికిల్ సెల్ ఇంజినీర్’ అని నోటిఫికేషన్ పడదు. బీటెక్‌తో ఆపేసి మర్నాడే జీతం కావాలంటే ఇది మీ దారి కాదు. ఇంట్లో పరిస్థితి అలాంటిదైతే వచ్చిన ఉద్యోగంలో చేరండి, ఇందులో తక్కువతనం లేదు. రెండు మూడేళ్లు ఆగగలిగితే మెకానికల్, కెమికల్, ఈసీఈ, బయోటెక్... ఏ బ్రాంచ్‌ వాళ్లయినా గేట్ రాసి బయోమెడికల్ వైపు వెళ్లొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. ఐఐటీ మద్రాసులో అప్లయిడ్ మెకానిక్స్ విభాగం పేరులోనే ఇప్పుడు బయోమెడికల్ ఇంజినీరింగ్ చేరింది. ఎమ్మెస్సీ వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్ ద్వారా సీసీఎంబీ లాంటి చోట్ల పీహెచ్‌డీ అవకాశం ఉంటుంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మన జిల్లాలో చిన్న కాలేజీ నుంచి వచ్చామని జంకక్కర్లేదు. గేట్ స్కోరు కార్డు మీద కాలేజీ పేరు చూసి మార్కులు వేయరు.

అసలు కొరత ఇంకోచోట ఉందని నా అభిప్రాయం. మంచి ల్యాబ్ టెక్నీషియన్లకు. ఇంటర్ బైపీసీ తర్వాత డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ చదివినవాళ్లను మనవాళ్లు ‘డాక్టర్ కాలేకపోయాడు’ అన్నట్టు చూస్తారు. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్ చదివి ఇది వాహకుడిది, ఇది రోగిది అని తేల్చడానికి సహాయపడేది వాళ్లే. ఆ పని వచ్చినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే కాదు, కార్పొరేట్ డయాగ్నొస్టిక్స్‌లోనూ చోటుంది. కొత్త పరికరం కనిపెట్టే బృందాలకు కూడా ఫీల్డులో పరీక్షించి చూడటానికి వీళ్లు కావాలి.

ఈ జబ్బుతోనే చదువుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకోసం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటాకు అర్హులు. కానీ అదే చట్టం ప్రకారం ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతం రిజర్వేషన్ విభాగాల్లో రక్త సంబంధ వ్యాధులు లేవు. అప్లికేషన్ నింపేటప్పుడు రెండూ ఒకటే అనుకుని కోచింగ్ సెంటర్ మాట మీద ఆధారపడొద్దు. నోటిఫికేషన్‌లో కేటగిరీ చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు రూ.10 వేల పింఛను ఉంది. సచివాలయంలో అడగండి.

చివరిగా, ప్రాజెక్టు ఐడియా కావాలని అడిగేవాళ్లకు ఒకటి. పైన చెప్పిన సొల్యుబిలిటీ టెస్ట్ ఆరు నెలల లోపు పసివాళ్ల దగ్గర నమ్మదగ్గది కాదు. పుట్టిన కొత్తలో వాళ్ల రక్తంలో ఎక్కువగా ఉండేది గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్. సికిల్ రకం అప్పటికి చాలా తక్కువ. ద్రావణం మసకబారదు, బిడ్డకు ఏమీ లేదనుకుంటాం. చికిత్స, టీకాలు, ఇన్ఫెక్షన్ రాకుండా జాగ్రత్తలు మొదలుపెట్టాల్సింది మాత్రం ఆ నెలల్లోనే. మడమ మీద ఒక్క పోటు, ఒక్క చుక్క, కరెంటు లేని పీహెచ్‌సీ, పది నిమిషాల్లో జవాబు, వంద రూపాయల లోపు ఖర్చు. స్పెసిఫికేషన్ ఇదీ.